తొమ్మిదో నాటి నీళ్లు

పోయిన వారం కథ అంబదాస్ ఇంటి ముందు ఆగిన ఆటో దగ్గర నిలిచింది. అందులోంచి దిగింది ఆయన వియ్యపురాలు సక్కుబాయి. ఆమెను అంబదాస్ రమ్మనలేదు. పదకొండో రోజు చేసే పురుడు వేడుకకు ఇంకా రెండు రోజులుంది. అయినా కాగజ్‌నగర్‌లో తెల్లవారకముందే రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, కరీంనగర్ మీదుగా రెండు బస్సులు మారి సిరిసిల్లకు వచ్చింది.

కథ ఇప్పుడే పట్టుకున్నవారికి నాలుగు ముక్కలు. అంబదాస్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పాలిస్టర్ గుడ్డ నేసే మనిషి. భార్య భూమవ్వ చనిపోయి నాలుగేళ్లు. ఒక్కతే కూతురు వనజ. అల్లుడు నరేశ్ మస్కట్‌లో ఉన్నాడు. తొలికాన్పు తల్లిగారింట్లో కావాలంటారు కాబట్టి వనజ ఇక్కడికి వచ్చింది. ఆ ఇంట్లో తల్లి లేదు. ఆడపిల్ల పుట్టింది. ఇవాళ తొమ్మిదో రోజు. పాపకు నీళ్లు పోయడానికి ఎవరిని పిలుస్తావని వాడకట్టు ఆడవాళ్లు అడిగితే అంబదాస్ చెప్పిన జవాబు వీధి వీధీ తిరిగింది.

"నా చేతులు పడిపోలే" అన్నాడు.

సక్కుబాయి తిన్నగా ఇల్లు దాటి పెరట్లోకి వచ్చింది. అంబదాస్ పీట మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి, రెండు కాళ్లూ చాపి, ఆ కాళ్ల మీద పాపను బోర్లా పడుకోబెట్టుకున్నాడు. పాప ఒళ్లంతా నూనె. నూనె ఒంటి పిల్లను కాళ్ల మీద పెట్టుకున్న మనిషి ఇంటికి నిప్పంటుకున్నా కూర్చునే ఉండాలి. సక్కుబాయి నిలబడింది. ఆయన కూర్చున్నాడు. తగువుకు ఆ ఎత్తు తేడా ఆమెకు బాగానే కలిసొచ్చింది.

"వచ్చినవా చెల్లె" అన్నాడు అంబదాస్ తలెత్తకుండా.

"వచ్చిన. రావద్దా?"

"రావద్దని ఎవలన్నరు. ఎల్లుండి గద పురుడు."

"ఎల్లుండి దాక పిల్ల బాగుంటే గద."

అంబదాస్ చేయి ఆగలేదు. అరచేయి పాప నడుము దగ్గర మొదలై, వీపు మీదుగా భుజాలకు పోయి, చేతుల వెంట వేళ్ల చివరిదాకా జారుతోంది. మళ్లీ నడుము దగ్గర మొదలవుతోంది. పాప కళ్లు సగం మూసుకుని, పెదాలు చప్పరిస్తూ, ఎక్కడున్నదో అక్కడ సుఖంగా ఉంది.

"ఏం నూనె గది?"

"నువ్వుల నూనె."

"నువ్వుల నూనెనా? పిల్ల నల్లగైతది."

"మీ నరేశ్‌కు ఏ నూనె పెట్టినవ్ మరి?"

సక్కుబాయి ముఖం బిగుసుకుంది. కొడుకు నలుపు ఆమెకు పాత పుండు. పెళ్లిచూపుల నాడు కూడా సాయంత్రం దీపాలు పెట్టాక తీసుకొచ్చింది. ఆ సంగతి అంబదాస్‌కు తెలుసు. తెలిసే అన్నాడు.

ఆమె చేతి సంచి కింద పెట్టి విప్పింది. ఆముదం సీసా, వస కొమ్ము, కాటుక డబ్బా, చిన్న సానరాయి, పాతగుడ్డలో కట్టిన వేర్ల మూట ఒక్కొక్కటి తీసి అరుగు మీద వరసగా పెట్టింది. ఆ మూటలో కాయలు, వేర్లు కలిపి పదో పన్నెండో ఉంటాయి. ఒక్కో దాన్ని సానరాయి మీద రెండు చుట్లు అరగదీసి, పాలలో కలిపి, పసిపిల్ల నాలుక మీద రాస్తారు. ఆదిలాబాద్ దిక్కు దాన్ని గుట్టి అంటారు. మహారాష్ట్ర నుంచి వచ్చిన అలవాటు.

"మాడకు ఆముదం అద్దలేదు. కండ్లకు కాటుక పెట్టలేదు. వస నాలికకు రాయలేదు. ఏం జేసినవన్నా తొమ్మిదొద్దులు?"

"పాలు తాగింది. నిద్రపోయింది. దొడ్డికి పోయింది. పిల్లలు చేసే పని అంతకన్న ఏముంటది?"

"మాడకు ఆముదం లేకుంటే ఎట్ల గట్టిపడ్తది?"

"దానంతటదే పడ్తది. మనిషి పుట్టిన కాన్నుంచి పడుతనే ఉన్నది."

"డాక్టర్ సదివినట్టున్నవ్."

"ఏడు సదివిన. ఆ ముచ్చటకు ఏడు చాలు."

పాపను వెల్లకిలా తిప్పాడు. ఎడమ చేయి తల కింద, కుడి చేయి నడుము కింద పెట్టి, నూలు కండె మార్చినంత నేర్పుగా. పాప ఒక్కసారి కాళ్లు తన్ని ఊరుకుంది. ముక్కులో ఏదో గురగుర మంది.

"చూసినవా, రొంప" అంది సక్కుబాయి. సీసా మూత తీసి వంగింది. "ముక్కుల రెండు సుక్కలు ఏస్తే తెల్లారేటాల్లకు పోతది. జర పట్టుకో."

"వద్దు."

"ఏంది వద్దు? నా ఇద్దరు పిల్లలకు ఏసిన."

"నీ పిల్లలకు ఏసినవ్. దీనికి ఏయవు."

ఆమె వినలేదు. సీసా వంచింది. వియ్యపురాలి చేయి పట్టుకోవడానికి లేదు. అది ఏ ఇంట్లోనూ చెల్లని పని. అంబదాస్ తన అరచేయి పాప ముఖం మీద గొడుగులా పట్టాడు. ఆముదం ఆయన వేళ్ల మీద పడి, మణికట్టు దాకా జిడ్డుగా కారింది. ఆ చేయి తీయలేదు. సీసా మళ్లీ నిలబడేదాకా తీయలేదు.

"నూనె ముక్కుల పోస్తే ఊపిరిల పోతది" అన్నాడు. "ఆస్పత్రిల నర్సు చెప్పింది. అంతకుముందు భూమవ్వ చెప్పింది. తల్లి పాలు తప్ప దాని నోట్లకు గాని ముక్కులకు గాని ఏది పోదు. నీ మూట కట్టుకో."

సక్కుబాయి సీసా మూత బిగించింది. మూట మాత్రం కట్టలేదు.

పక్కన గంగాళంలో నీళ్లున్నాయి. అంబదాస్ మోచేయి ముంచి చూశాడు. నలభై ఏళ్లు సాంచా మీద కాయలు కాసిన అరచేతికి వేడి తెలియదు. మోచేయి ఇంకా మనిషిదే. చన్నీళ్లు అర చెంబు కలిపి మళ్లీ ముంచాడు. పెసరపిండి తడిపి పాప చంకల్లో, మెడ మడతల్లో, తొడల సందుల్లో మెల్లగా రాశాడు. బొడ్డు జోలికి పోలేదు. అది ఇంకా ఊడలేదు. ఛాతీ మీద కడవెత్తున పోసే ఆడవాళ్లున్నారు. ఆయన దోసిలితో పోశాడు. అందరికన్నా చివర తల. చెవుల మీద చేయి అడ్డం పెట్టి వెనక్కి పోశాడు. పాప ఏడవబోయి, పెదవి విరిచి, ఆలోచించి మానుకుంది.

సక్కుబాయి చూస్తూ నిలబడింది. తప్పు పట్టడానికే చూసింది. దొరకలేదు. దొరకకపోవడంతో ఇంకా మండింది.

"ఎవలు నేర్పిండ్లు నీకు గిదంత?"

అంబదాస్ చెంబు బోర్లించాడు. జవాబు ఒక పేరు. ఆ పేరు ఆయన నాలుగేళ్లుగా పలకలేదు.

ఎదురింటి కొమురవ్వ. ఆ వాడకట్టులో పుట్టిన పిల్లల్లో సగంమందికి మొదటి నీళ్లు ఆమె పోసినవే. ఇరవయ్యారేళ్ల కింద ఇదే పెరట్లో, ఇదే పీట మీద కూర్చుని వనజకు పోసింది. అంబదాస్ నీళ్లు మోసి అందించేవాడు. అందిస్తూ చూశాడు. చూసింది చేతుల్లో ఉండిపోయింది. కొమురవ్వ, భూమవ్వ ఒక కంచంలో తిన్న మనుషులు. అలాంటిది భూమవ్వ పోయిన నాడు శవానికి స్నానం చేయించడానికి కొమురవ్వ రాలేదు. అప్పుడామె చేతిలో ఎవరింట్లోదో ఏడోనెలలో పుట్టిన పసిగుడ్డు ఉంది. శవాన్ని ముట్టిన చేయి పదకొండు రోజులు పసిపిల్లను ముట్టరాదు. తను ముట్టకపోతే ఆ పిల్ల బతకదని కొమురవ్వ అంది. అంబదాస్ లెక్కలో అది కారణం కాదు. ఆమె గుమ్మంలోకి పోయి నిలబడి, నోటికొచ్చినట్టు తిట్టి, నా గడప తొక్కకు అని చెప్పి వచ్చాడు. ఆ పసిగుడ్డు బతికింది. ఇప్పుడు వీధిలో మూడు చక్రాల సైకిల్ తొక్కుతోంది. అది కనబడితే అంబదాస్ ముఖం తిప్పుకుంటాడు.

ఆయన చేయి చాపి తీగ మీది గుడ్డ లాగి పాపను చుట్టాడు. అక్కడ సక్కుబాయికి కావలసింది దొరికింది.

సిరిసిల్ల పగలూ రాత్రీ గుడ్డ నేస్తుంది. లారీలకు లారీలు ఎగుమతి చేస్తుంది. పసిపిల్లను చుట్టుదామంటే మాత్రం మూర నూలు గుడ్డ దొరకదు. ఎవరింట్లో చూసినా పాలిస్టరే. అది చెమ్మ పీల్చదు, పసి చర్మాన్ని ఒరిపిడి పెడుతుంది. కొత్త గుడ్డ పనికిరాదు. పొత్తిగుడ్డ అంటే కట్టి కట్టి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు కావాలి. అలాంటివి అంబదాస్ ఇంట్లో నాలుగే ఉన్నాయి. ఆయన తండ్రి గుంటమగ్గం మీద నేసిన చీరలు. ఒకటి చింపి పద్నాలుగు ముక్కలు చేశాడు.

సక్కుబాయి తీగ మీద ఆరేసిన ముక్క ఒకటి పట్టుకుంది. ఆకుపచ్చ నేల. ఎర్ర అంచులో సన్నగా పసుపు గీత.

"గీ అంచు నేనెరుగుదు" అంది. "మేం పిల్లను అడగవచ్చిన నాడు మీ ఆమె కట్టిన చీరె గిది."

"అవు."

"సచ్చిన మనిషి బట్టలు చాకలికి ఇయ్యలేదా?"

"ఇయ్యలే."

"ఇంట్ల దాసుకున్నవ్."

"దాసుకున్న."

"దాసుకున్నది చింపి నా మనుమరాలికి చుట్టినవ్."

"ఉతికిన, ఉడుకబెట్టిన, ఎండల ఏసి చుట్టిన. నీ మనుమరాలంటవేంది, అది దానికి గూడ మనుమరాలే."

సక్కుబాయి గుడ్డ ముక్కను వదిలేసి, ఆ చేయి చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.

"సచ్చినోళ్లకు మనుమరాండ్లుండరన్నా."

వీధి చివర సాంచాలు టకటకమంటున్నాయి. పాప చుట్టలోంచి ఒక పిడికిలి బయటికి తీసింది. అంబదాస్ ఆ పిడికిలిని లోపలికి పెట్టి, చుట్ట కొస మడిచాడు. గొంతు పెంచలేదు.

"చెల్లె, నువ్వు ఇంటికి వచ్చిన మనిషివి. గందుకే కూసున్న కాడ కూసున్న. ఆ మాట ఇంకోసారి అంటే నీ సంచి ఆ వీధిల ఉంటది."

"నా సంచి నేనే తీసుకపోత. నా కోడలిని, నా మనుమరాలిని గూడ తీసుకపోత. రెండు గంటలకు కరీంనగర్ బస్సున్నది."

"పురుడు గాని బాలింతను రైలెక్కిస్తవా? చలికాలంల? తొమ్మిదొద్దుల పిల్లతోని?"

"ఆడదిక్కు లేని ఇంట్ల పురుడేంది? మగోడు లుంగి ఎగ్గట్టి పసిపిల్లకు నీళ్లు పోస్తుంటే నలుగురు నవ్వుతుండ్లు. మా వాడకట్టు దాక వచ్చింది ఆ ముచ్చట. నీకు సిగ్గులేదు, సరే. మాకున్నది."

"నవ్వినోళ్లను రమ్మను. వాళ్ల పిల్లలకు గూడ పోస్త."

"నీ ఎచ్చులు నాకెందుకు. ఆ పిల్ల మా ఇంటి పేరు పిల్ల. తీసుకపోత."

"అది కడుపుల ఉన్నప్పుడు మీ ఇంటి పేరు ఏడ వోయింది? ఏడో నెలల బస్టాండుల దింపిపోతిరి. ఒక్కనాడన్న వచ్చి చూసిండ్లా?"

"చూసుకుంటవని దింపినం. చూసుకున్నవా? నీ బిడ్డనే అడుగు."

వెనక గడప దగ్గర వనజ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. తలకు గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని నిలబడింది. చేతులు చాపింది. అంబదాస్ లేచి పాపను అందించాడు. తొమ్మిది రోజుల్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా తల్లి చేతుల్లోకి ఏడుస్తూ పోలేదు. అది ఆయనకు గర్వం.

"చెప్పు బిడ్డా" అన్నాడు. "నిన్ను నేను ఏం తక్కువ చేసిన్నో ఈమెకు చెప్పు."

వనజ పాపను భుజాన వేసుకుంది. తండ్రిని చూడకుండా చెప్పింది.

"అత్తమ్మను నేనే రమ్మన్న బాపూ. రాత్రి ఫోన్ చేసిన."

అంబదాస్‌కు అర్థం కాలేదు. "ఎందుకు?"

"పాపకు పొద్దుగాల నూనె పెడ్తవ్. నలుగు పెడ్తవ్. నీళ్లు పోస్తవ్. సాంబ్రాణి పొగ పెడ్తవ్. నాకెవలు పోసిండ్లు బాపూ?"

"నీకు కాగబెట్టి బాత్రూంల పెడ్తున్న గద రోజు."

"పెడ్తున్నవ్. కుట్లు గుంజుతుంటే వంగరాదు. చెంబు లేపితే నడుము విరిగినట్టుంటది. సగం నీళ్లు పోసుకొని, సగం పారబోసి వస్తున్న, నువ్వు కాగు చూసి అడుగుతవని. వీపు మీద ఒక్క చెంబు పడలే తొమ్మిదొద్దుల సంది. ఎవలికి చెప్పాలె? నీకు చెప్పే మాటలా అవి?"

బాలింతకు నీళ్లు పోయడం పసిపిల్లకు పోసినట్టు కాదు. ఒంటికి నూనె పట్టించి, ఓర్చుకున్నంత వేడి నీళ్లు నడుము మీద, వీపు మీద ధారగా పోయాలి. పొట్టకు గుడ్డ బిగించి కట్టాలి. తల ఆరేదాకా పొగ వేయాలి. ఆ పని ఆడదాని చేయి చేయాలి. ఇరవయ్యారేళ్ల కింద కొమురవ్వ వనజకు పోసింది పెరట్లో, అందరూ చూస్తుండగా. ఆ తర్వాత భూమవ్వకు పోసేటప్పుడు తలుపు మూసేది. అంబదాస్ కాగులు తలుపు బయట పెట్టి వచ్చేవాడు. లోపల ఏం జరిగేదో చూడలేదు. చూడలేదు గనుక నేర్వలేదు. నేర్వలేదు గనుక అది ఉందన్న సంగతే ఆయన బుద్ధిలో లేదు.

"చెప్తే కదా తెలిసేది" అన్నాడు. ఆ మాట తనకే సరిగా అనిపించలేదు.

"ఇన్నవా" అంది సక్కుబాయి. "నేను పోస్త నా కోడలికి. మా ఇంట్ల పోస్త. సచ్చినదాని చీరెలు ఆరేసిన ఇంట్ల నా చెయ్యి తడువది."

"అత్తమ్మా, మా అవ్వను ఏమనకు" అంది వనజ. ఆమె గొంతులో ఓపిక లేదు. మర్యాద కూడా లేదు. తండ్రి వైపు తిరిగింది. "బాపూ, నాకు ఈడ ఉండాలనే ఉన్నది. కొమురవ్వ పెద్దవ్వను పిలుస్తవా? పిలిస్తే ఉంట. పిలువకుంటే రెండు గంటల బస్సుకు పోత."

"అది నా గడప తొక్కది."

"తొక్కదా, నువ్వు తొక్కనియ్యవా?"

సక్కుబాయి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు అంబదాస్‌కు వీపు మీద తగిలింది. కాలి మీది నీళ్లు కూడా తుడుచుకోకుండా వీధిలోకి నడిచాడు.

ఎదురిల్లు పదకొండు అడుగులు. నాలుగేళ్లలో ఆయన ఆ అడుగులు వేయలేదు. కొమురవ్వ గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. డెబ్బయ్యేళ్ల మనిషి. కళ్లెత్తకుండా అడిగింది.

"ఎవలు?"

"నేను."

"నేనంటే?"

"అంబదాస్‌ను."

"నాకెరుకున్న అంబదాస్ ఒకడుండె. ఈ గడపల నిలబడి నన్ను కుక్క లెక్క తిట్టిపోయిండు. గాయిననేనా?"

"గాయిననే."

కొమురవ్వ తునికాకు కత్తిరించింది. తంబాకు పోసి చుట్టింది. దారం కట్టింది. ఆ బీడీ కట్టలో పెట్టి అడిగింది.

"ఏం గావాలె?"

"వనజకు నీళ్లు పోయాలె."

"తొమ్మిదొద్దులాయె. ఇయ్యాల యాదికొచ్చిందా?"

"యాదికి రాలే. అది చెప్పింది."

"నాకు రోజు వినవడ్తనే ఉన్నది. పాపకు పోసే సప్పుడు. అది అయినంక ఇంకో సప్పుడు రావాలె. రాకపాయె. మల్ల తెల్లారి రాకపాయె. తలుపేసుకొని మెల్లగ పోస్తున్నరేమో అనుకున్న."

"వచ్చి చెప్పొద్దా?"

"గడప తొక్కద్దంటివి."

అంబదాస్ నేల వైపు చూశాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు. అడగలేదు.

"ఇప్పుడు తొక్కు" అన్నాడు.

"నువ్వు తొక్కుమంటే తొక్కుత, వద్దంటే ఆగుత, నేను నీ కూలిదాన్నా? ఆ పొల్ల కోసం వస్తున్న. నీతోని నాకు మాట లేదు. నీ ఇంట్లకు వచ్చినా లేదు."

చాట పక్కన పెట్టి లేచింది. తంబాకు చేతులు పసిపిల్ల దగ్గర పనికిరావు. మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది, మోచేతుల దాకా. మూడోసారి వేళ్లు వాసన చూసుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఆయన కంటే ముందు నడిచింది.

పెరట్లో సక్కుబాయి ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"ఈమేనా నీళ్లు పోసేది? చేతులు వణుకుతున్నయ్ గద."

"వయసున్న చేతులు తమరికి ఉన్నయ్ గద అమ్మా" అంది కొమురవ్వ. "ఇంకా పొడిగనే ఉన్నట్టున్నయ్."

కాగు వైపు ఒక చూపు చూసి, "ఇంకో రెండు కట్టెలు పెట్టు" అని పొయ్యికి చెప్పినట్టు చెప్పి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అంబదాస్ కట్టెలు పెట్టాడు. సక్కుబాయి అరుగు మీద కూర్చుని ఫోన్ తీసి గంట చూసుకుంది. పన్నెండున్నర. ఇద్దరూ తలుపు వైపు చెవి పెట్టారు. నీళ్లు పడే చప్పుడు కోసం. మాటలు వినిపించాయి, తగ్గుస్వరంలో. ఒక ప్రశ్న. జవాబు. ఇంకో ప్రశ్న.  నీళ్ల చప్పుడు రాలేదు.

తలుపు తెరుచుకుంది. కొమురవ్వ కొంగు నడుముకు అలాగే ఉంది. చేతులు పొడిగా ఉన్నాయి.

"ఆ కాగు దించు" అంది.

"ఇంకా కాగలే."

"నీళ్లొద్దు. ఆటో పిలువు. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది ఆ పొల్లకు. వణుకుడు బట్టింది. నాలుగొద్దుల సందట."

సక్కుబాయి లేచింది. "బాలింత ఒళ్లు వెచ్చగుంటది గద. పాలు పడెటప్పుడు..."

"ఎన్ని కాన్పులు చూసినవమ్మా నువ్వు?"

"నావి రెండు."

"నేను లెక్కపెట్టుడు మానేసి ముప్పై ఏండ్లాయె. పాల వేడి ఒక్క పూటది. ఇది పాల వేడి కాదు. కింద నుంచి వాసన కొడుతున్నది. లోపల చెడ్డది. నీళ్లకు పోయే రోగం కాదు, గుట్టికి పోయే రోగం కాదు. పెద్దాస్పత్రికి పోవాలె, ఇప్పుడే."

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పిల్ల నాదంటే నాదని కొట్లాడెటోళ్లు ఇద్దరున్నరు. దాని తల్లి నొసలు మీద చెయ్యి పెట్టెటోళ్లు ఒక్కలు లేకపోయిండ్లు."

అంబదాస్ పరుగెత్తాడు. చెప్పులు వేసుకోలేదు. వీధి మూల మీద ఆటో దొరికింది. దాన్ని గుమ్మం ముందుకు తెచ్చేసరికి వనజను కొమురవ్వ నడిపించుకు వస్తోంది. దుప్పటి కప్పింది. దుప్పటి కింద పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా పాపను వదల్లేదు. రెండు చేతులతో ఛాతీకి అదుముకుని నడుస్తోంది.

"పిల్లను ఆస్పత్రిల ఎట్ల పెట్టుకుంటవ్" అంది సక్కుబాయి. ఆమె గొంతు మారింది, కానీ చేతులు ముందుకే చాచింది. "ఇటియ్యి బిడ్డా. నేను పట్టుకుంట."

"నాకియ్యి" అన్నాడు అంబదాస్. "నా చేతికి అలవాటైంది."

వనజ ఆగింది. అత్త చేతుల వైపు చూసింది. తండ్రి చేతుల వైపు చూసింది. ఆ నాలుగు చేతులూ గాలిలో అలాగే ఉన్నాయి. ఆమె పక్కకు తిరిగి పాపను కొమురవ్వ చేతుల్లో పెట్టింది.

"నేను వచ్చేదాక ఇది నీ కాడనే ఉండాలె పెద్దవ్వా. అత్తమ్మకియ్యకు. బాపుకియ్యకు."

కొమురవ్వ తలూపింది. అంబదాస్ చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. 

వనజను ఆటోలో కూర్చోబెట్టారు. సక్కుబాయి ఒక పక్క ఎక్కింది. అంబదాస్ డ్రైవర్ పక్కన ఒరిగాడు. ఆటో కదలబోతుంటే వనజ ఇనుప కడ్డీ పట్టుకుని బయటికి వంగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం స్పష్టంగా ఉంది.

"రాకున్నా ఇయ్యకు" అంది.